డాక్యుమెంట్‌లో ఈమెయిల్ లింక్ నొక్కితే మీ మెయిలే తెరుచుకోవాలంటే: మొదటి నుంచి చివరి దాకా

"అన్నా, పీడీఎఫ్‌ల మెయిల్ ఐడీ మీద నొక్కితే ఇంకేదో ఓపెన్ అయితాంది. మాది జీమెయిల్ గదా!"

హన్మకొండలో కోచింగ్ సెంటర్ ఆఫీసు అయినా, ఎనుమాముల మార్కెట్ దగ్గర అడ్తి దుకాణం అయినా నాకు వచ్చే ఫోన్లలో ఈ మాట తప్పకుండా ఉంటుంది. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పడం కష్టమవుతోంది. అందుకే వరుసగా ఇక్కడ రాస్తున్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో మెట్టు చేసుకుంటూ చదవండి.

మీ స్క్రీన్ మీద మెనూ పేర్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి. అవే పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాశాను.

## 1. ముందు అర్జెంటు పని కానివ్వండి

సాయంత్రం 5 గంటల లోపు మెయిల్ పంపాలి, ఇప్పుడు 4:45 అయింది. అలాంటప్పుడు సెట్టింగుల జోలికి పోవద్దు.

లింక్ మీద మౌస్ కుడి బటన్ నొక్కండి. బ్రౌజర్‌లో తెరిచిన పీడీఎఫ్, వెబ్ పేజీల్లో "కాపీ ఈమెయిల్ అడ్రస్" అనో "కాపీ లింక్" అనో కనిపిస్తుంది. వర్డ్‌లో అయితే అక్షరాలనే సెలెక్ట్ చేసి కంట్రోల్, సీ నొక్కండి. మీ జీమెయిల్ తెరిచి "టు" గడిలో పేస్ట్ చేయండి. ముందు "మెయిల్‌టు" అనే మాట, దాని పక్కన రెండు చుక్కలు (కోలన్ గుర్తు, ఒకదాని మీద ఒకటి ఉండే ":") అతుక్కుని వస్తే ఆ ముక్క తీసేయండి.

పని అయ్యాక తీరిగ్గా మిగతాది చూసుకుందాం.

## 2. నొక్కగానే లోపల ఏం జరుగుతుంది

ఇది తెలియకుండా సెట్టింగులు మారిస్తే గంట కూర్చున్నా పని కాదు.

డాక్యుమెంట్‌లో కనిపించే మెయిల్ ఐడీ వెనుక ఒక లింక్ దాగి ఉంటుంది. అది "మెయిల్‌టు" అనే మాటతో మొదలవుతుంది, తర్వాత రెండు చుక్కలు, ఆ తర్వాత అడ్రస్. ఏ ప్రోగ్రాం తెరవాలన్న సమాచారం అందులో ఎక్కడా ఉండదు. వర్డ్ గానీ ఎక్సెల్ గానీ దాన్ని విండోస్‌కు అప్పగించి ఊరుకుంటాయి. మెయిల్‌టు లింకులు ఎవరికి పంపాలో విండోస్ దగ్గర రాసి ఉంటుంది, దాని ప్రకారం పంపిస్తుంది.

కాజీపేట జంక్షన్ అనుకోండి. సికింద్రాబాద్ నుంచి వచ్చిన బండి బల్లార్షా వైపు పోవాలా, విజయవాడ వైపు పోవాలా అన్నది అక్కడ పట్టాలు మార్చే దాన్ని బట్టి ఉంటుంది. బండిలో కూర్చున్నవాళ్లను అడిగితే లాభం లేదు. అలాగే వర్డ్ ఆప్షన్లన్నీ వెతికినా "ఏ మెయిల్ తెరవాలి" అన్న సెట్టింగ్ దొరకదు. అది అక్కడ లేదు కాబట్టి.

జీమెయిల్ వాడేవాళ్లకు ఇంకో మెట్టు ఎక్కువ. కంప్యూటర్‌లో జీమెయిల్ విడి ప్రోగ్రాం కాదు, బ్రౌజర్‌లో తెరిచే వెబ్‌సైట్. కాబట్టి రెండు చోట్ల చెప్పాలి: మెయిల్ లింకులను క్రోమ్‌కు పంపమని విండోస్‌కు, వాటిని జీమెయిల్‌లో తెరవమని క్రోమ్‌కు. మన దగ్గర వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ రెండిట్లో ఒకటే చేసి వదిలేయడం వల్ల వచ్చేవి.

## 3. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

- విండోస్ ఏదో చూసుకోండి. స్టార్ట్ బటన్ టాస్క్‌బార్ మధ్యలో ఉంటే సాధారణంగా విండోస్ 11, ఎడమ మూలన ఉంటే 10. అనుమానం ఉంటే సెట్టింగ్స్ > సిస్టమ్ > అబౌట్‌లో స్పష్టంగా రాసి ఉంటుంది.
- మీ మెయిల్ ఎక్కడ చూస్తారు? బ్రౌజర్‌లోనా, లేక అవుట్‌లుక్, థండర్‌బర్డ్ లాంటి ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాంలోనా?
- ఆ మెయిల్‌లో ముందే లాగిన్ అయి ఉండండి. ఖాతా కలపని ప్రోగ్రాంను డిఫాల్ట్ చేస్తే (అంటే లింక్ నొక్కగానే అదే తెరుచుకునేలా పెడితే), లింక్ నొక్కినప్పుడల్లా "ఖాతా కలపండి" అనే అడుగుతుంది.
- మీ సొంత విండోస్ లాగిన్‌లోనే ఉన్నారా? ఈ సెట్టింగ్ ఒక్కో యూజర్‌కు విడిగా ఉంటుంది. ఆపరేటర్ లాగిన్‌లో మార్చి, సార్ లాగిన్‌లో మారలేదని అనుకుంటే మారదు మరి.
- ఇప్పుడున్న సెట్టింగ్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తేడా వస్తే వెనక్కి పోవచ్చు.
- పరీక్షకు ఒక ఫైల్. వర్డ్‌లో కొత్త డాక్యుమెంట్ తెరిచి, మీ సొంత మెయిల్ ఐడీ టైప్ చేసి స్పేస్ నొక్కండి. నీలం రంగులోకి మారి గీత పడుతుంది. దాన్ని డెస్క్‌టాప్ మీద సేవ్ చేసుకోండి.

ఆ ఆఖరిది వదిలేయకండి. ఎవరో పంపిన సర్క్యులర్‌తో పరీక్షిస్తే, తప్పు మీ కంప్యూటర్‌లో ఉందో ఆ సర్క్యులర్‌లో ఉందో తేలదు.

## 4. లోపం ఎక్కడుందో తేల్చే పరీక్ష

ఏ సెట్టింగూ మార్చకముందే ఇది చేయండి. అర నిమిషం పని.

కీబోర్డు మీద విండోస్ కీ, ఆర్ అక్షరం కలిపి నొక్కండి. చిన్న "రన్" పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లిష్‌లో మెయిల్‌టు అని టైప్ చేయండి. ఎం, ఏ, ఐ, ఎల్, టి, ఓ: మొత్తం 6 అక్షరాలు, మధ్యలో ఖాళీ ఉండొద్దు. వెంటనే రెండు చుక్కలు, ఆ వెంటనే మీ మెయిల్ ఐడీ. ఎంటర్ నొక్కండి.

ఇప్పుడు ఏం తెరుచుకుందో చూడండి.

వేరే ప్రోగ్రాం తెరుచుకుంది. విండోస్ సెట్టింగ్ మార్చాలి. 6వ మెట్టుకు వెళ్లండి.

క్రోమ్ తెరుచుకుంది, కానీ పేజీ ఖాళీ. విండోస్ సరిగానే ఉంది, క్రోమ్‌కు జీమెయిల్ గురించి చెప్పలేదు. 7వ మెట్టు మీది.

సరైనదే తెరుచుకుంది, డాక్యుమెంట్ నుంచి నొక్కితే మాత్రం వేరేది. అయితే లోపం డాక్యుమెంట్‌లోనో, ఆ డాక్యుమెంట్‌ను తెరిచిన ప్రోగ్రాంలోనో ఉంది. 9వ మెట్టు చూడండి.

"ఏ యాప్‌తో తెరవాలి" అని అడిగింది. ఇది మంచిదే. జాబితాలో మీది ఎంచుకుని "ఆల్వేస్" నొక్కితే విండోస్ వైపు పని అయిపోయినట్టే.

## 5. ఏ మెయిల్ పెట్టుకోవాలి?

ఇది మీ ఇష్టం. నా అభిప్రాయం మాత్రం చెబుతాను.

ఒక్క జీమెయిల్ ఖాతా, రోజంతా క్రోమ్ తెరిచే ఉంటుంది, ఇంటర్నెట్ బాగానే వస్తుంది అంటే క్రోమ్, జీమెయిల్ చాలు. కొత్తది ఏదీ ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు.

ఆఫీసు ఐడీ ఒకటి, అడ్మిషన్లకు ఒకటి, సార్ సొంతది ఒకటి అని మూడు నాలుగు ఖాతాలు ఒకే కంప్యూటర్‌లో చూస్తుంటే బ్రౌజర్‌లో గందరగోళం తప్పదు. అలాంటి చోట థండర్‌బర్డ్ పెట్టమంటాను. ఉచితం. మెయిల్ రాసే విండోలోనే "ఫ్రమ్" దగ్గర ఏ ఖాతా నుంచి పంపాలో ఎంచుకోవచ్చు. నెట్ పోయినా అప్పటికే దిగిన మెయిళ్లు చదువుకోవచ్చు.

కంపెనీవాళ్లో కాలేజీవాళ్లో మైక్రోసాఫ్ట్ ఖాతా ఇస్తే అవుట్‌లుక్ సరే. పక్క టేబుల్ ఆయన వాడుతున్నాడని మాత్రం అవుట్‌లుక్ పెట్టుకోకండి.

విండోస్ 10తో వచ్చిన పాత "మెయిల్" యాప్‌ను వదిలేయండి. మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబర్ 31తో దాని సపోర్టు ఆపేసి కొత్త అవుట్‌లుక్ వైపు పంపిస్తోంది. "నేను ఇన్‌స్టాల్ చేయకుండానే ఈ అవుట్‌లుక్ ఎక్కడి నుంచి వచ్చింది" అని అడిగేవాళ్లకు జవాబు చాలాసార్లు ఇదే.

## 6. విండోస్‌కు చెప్పడం

### విండోస్ 11

1. స్టార్ట్ మీద కుడి బటన్ నొక్కి సెట్టింగ్స్ తెరవండి.
2. ఎడమ వైపు యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్.
3. పైన ఒక వెతికే పెట్టె ఉంటుంది. ఫైల్ టైప్ లేదా లింక్ టైప్ టైప్ చేయమంటుంది. ఇందాకటి 6 అక్షరాలే టైప్ చేయండి. ఇక్కడ రెండు చుక్కలు అక్కర్లేదు.
4. కింద మెయిల్‌టు అని పెద్ద అక్షరాల్లో, ఇప్పుడు ఏ యాప్ ఉందో చూపిస్తుంది. దాని మీద నొక్కండి.
5. జాబితాలో మీది ఎంచుకోండి. జీమెయిల్ కావాలంటే ఇక్కడ గూగుల్ క్రోమ్ ఎంచుకోవాలి. జీమెయిల్ పేరు కోసం వెతికినా కనబడదు.
6. "సెట్ డిఫాల్ట్" నొక్కండి. ఇది నొక్కకుండా విండో మూసేస్తే ఏమీ మారదు.

జాబితాలో అవుట్‌లుక్ రెండుసార్లు కనిపిస్తే కంగారు పడకండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది. పేరు పక్కన "న్యూ" అనో "క్లాసిక్" అనో ఉంటుంది. ఆఫీసుల్లో ఏళ్ల మెయిళ్లు చాలావరకు క్లాసిక్‌లోనే ఉంటాయి. మీ మెయిళ్లు ఎందులో ఉన్నాయో చూసుకుని ఎంచుకోండి.

### విండోస్ 10

సెట్టింగ్స్ > యాప్స్ > డిఫాల్ట్ యాప్స్. మొదటి వరుసలోనే "ఈమెయిల్" ఉంటుంది, దాని మీద నొక్కి మీది ఎంచుకోండి.

అక్కడితో ఆగకుండా, అదే పేజీలో కిందికి దిగి "చూజ్ డిఫాల్ట్ యాప్స్ బై ప్రోటోకాల్" అన్నది తెరవండి (ప్రోటోకాల్ అంటే ఇక్కడ లింక్ రకం). అక్షరక్రమంలో పెద్ద జాబితా వస్తుంది. ఎం అక్షరం దగ్గర మెయిల్‌టు వరుసలోనూ మీదే ఉందా అని చూడండి. తేడా ఉంటే అక్కడా మార్చండి.

విండోస్ 10కి సాధారణ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. లింకులు పనిచేస్తాయి, ఇబ్బంది లేదు. కానీ ఆఫీసు మెయిల్ నడిచే కంప్యూటర్ కాబట్టి 11కి మారే సంగతి ఆలోచించండి.

### విండోస్ 7

ఇంకా కొన్ని జిరాక్స్ సెంటర్లలో నడుస్తున్నాయి. కంట్రోల్ ప్యానెల్ > డిఫాల్ట్ ప్రోగ్రామ్స్‌లో ఫైల్ టైపులు, ప్రోటోకాల్‌లను ప్రోగ్రాంలకు కలిపే రెండో లింక్ తెరిచి, జాబితా చివర మెయిల్‌టు దగ్గర మార్చండి.

### రిజిస్ట్రీ జోలికి పోవద్దు

రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు. "రిజిస్ట్రీలో ఈ లైన్ మార్చండి" అని వీడియోల్లో చెబుతుంటారు. విండోస్ 8 నుంచి ఈ ఎంపికకు తోడుగా ఒక రహస్య కోడ్‌ను విండోస్ తానే రాసుకుంటోంది. చేత్తో మార్చితే కోడ్ కలవదు, విండోస్ ఆ మార్పును తోసిపుచ్చుతుంది. సెట్టింగ్స్ పేజీ ఉండగా దొడ్డిదారి ఎందుకు?

## 7. జీమెయిల్ వాళ్లకు రెండో సగం

విండోస్‌లో క్రోమ్ ఎంచుకున్నారు. ఇప్పుడు క్రోమ్‌కు చెప్పాలి.

1. క్రోమ్‌లో జీమెయిల్ తెరిచి లాగిన్ అవ్వండి. ఇన్‌బాక్స్ కనబడాలి.
2. పైన అడ్రస్ బార్ కుడి చివర, నక్షత్రం గుర్తుకు దగ్గరలో, ఒకదాని మీద ఒకటి పడిన రెండు డైమండ్ల గుర్తు ఉందా చూడండి. చిన్నగా ఉంటుంది, కళ్లు పెట్టి చూడాలి.
3. దాని మీద నొక్కితే, ఈమెయిల్ లింకులన్నీ జీమెయిల్‌లో తెరవనివ్వాలా అని అడుగుతుంది. "అలో" ఎంచుకుని "డన్" నొక్కండి.
4. రన్ పెట్టెతో మళ్లీ పరీక్షించండి. "టు" గడిలో అడ్రస్ నింపి ఉన్న కొత్త మెయిల్ రావాలి.

డైమండ్ల గుర్తు కనబడకపోతే: కుడి పై మూల మూడు చుక్కలు > సెట్టింగ్స్ > ప్రైవసీ అండ్ సెక్యూరిటీ > సైట్ సెట్టింగ్స్ > అడిషనల్ పర్మిషన్స్ > ప్రోటోకాల్ హ్యాండ్లర్స్. ఇక్కడ మూడు చూడాలి:

- సైట్లు అడగవచ్చు అన్న ఎంపిక ఆన్‌లో ఉందా?
- జీమెయిల్ ఇప్పటికే ఈమెయిల్ కింద ఉందా? ఉంటే పక్కన మూడు చుక్కలు నొక్కి డిఫాల్ట్ చేయండి.
- అనుమతి లేని వాటి జాబితాలో జీమెయిల్ పడి ఉందా? ఎప్పుడో తొందరలో "బ్లాక్" నొక్కి ఉంటారు. అక్కడి నుంచి తీసేసి, జీమెయిల్ పేజీని రీలోడ్ చేస్తే డైమండ్ల గుర్తు తిరిగి వస్తుంది.

ఎడ్జ్: పద్ధతి ఇదే. సెట్టింగ్స్‌లోని వెతికే పెట్టెలో ప్రోటోకాల్ అని టైప్ చేస్తే ఆ పేజీ దొరుకుతుంది.

ఫైర్‌ఫాక్స్: సెట్టింగ్స్ > జనరల్‌లో కిందికి దిగితే అప్లికేషన్స్ అనే పట్టిక. మెయిల్‌టు వరుసలో "యూజ్ జీమెయిల్" ఎంచుకోండి. మూడింటిలో నాకు ఇదే తేలిక అనిపిస్తుంది, వాడేవాళ్లే తక్కువ.

### రెండు మూడు జీమెయిళ్లు ఉన్నవాళ్లకు

ఒకే క్రోమ్‌లో నాలుగు ఖాతాలు లాగిన్ అయి ఉంటే, లింక్ నొక్కినప్పుడు మొదట లాగిన్ అయిన ఖాతాలోనే కొత్త మెయిల్ తెరుచుకుంటుంది. కాలేజీ తరఫున యూనివర్సిటీకి పంపాల్సిన లెటర్ ఎవరి సొంత ఐడీ నుంచో పోవడం ఇలాగే జరుగుతుంది.

రెండు మార్గాలున్నాయి. మొదటిది, అన్ని ఖాతాల నుంచి సైన్ అవుట్ అయి, ఆఫీసు ఖాతాలో ముందు లాగిన్ అయి, తర్వాత మిగతావి కలపడం. రెండోది, ఆఫీసుకు విడిగా క్రోమ్ ప్రొఫైల్ (సొంత లాగిన్లు, సెట్టింగులు ఉండే వేరే క్రోమ్ విండో) పెట్టుకోవడం. నేను రెండోదే చెబుతాను. మొదటిది ఎవరో ఒకరు సైన్ అవుట్ కాగానే చెడిపోతుంది. ప్రొఫైల్ మార్గంలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే: డైమండ్ల అనుమతి ఒక్కో ప్రొఫైల్‌కు విడివిడిగా ఇవ్వాలి.

## 8. థండర్‌బర్డ్, అవుట్‌లుక్ వాళ్లకు

థండర్‌బర్డ్: సెట్టింగ్స్ > జనరల్‌లో సిస్టమ్ ఇంటిగ్రేషన్ అనే భాగం, "చెక్ నౌ" బటన్. ఈమెయిల్ దగ్గర టిక్ పెట్టి డిఫాల్ట్ చేయండి. తర్వాత విండోస్‌లో 6వ మెట్టు కూడా చూసుకోండి.

క్లాసిక్ అవుట్‌లుక్: ఫైల్ > ఆప్షన్స్ > జనరల్‌లో స్టార్టప్ కింద, అవుట్‌లుక్‌ను ఈమెయిల్‌కు డిఫాల్ట్ చేయమనే టిక్ ఉంటుంది. మీకు అవుట్‌లుక్ వద్దనుకుంటే ఈ టిక్ తీసేయండి.

## 9. డాక్యుమెంట్ వైపు లోపాలు

రన్ పరీక్ష సరిగ్గా వచ్చి, డాక్యుమెంట్‌లో మాత్రం తేడా వస్తుంటే ఇక్కడ వెతకండి.

వర్డ్‌లో నొక్కినా ఏమీ కదలదు. కంట్రోల్ కీ పట్టుకుని నొక్కాలి. ఒట్టి క్లిక్‌తోనే తెరుచుకోవాలంటే ఫైల్ > ఆప్షన్స్ > అడ్వాన్స్‌డ్‌లో "యూజ్ కంట్రోల్ ప్లస్ క్లిక్" టిక్ తీసేయండి. నేనైతే ఉంచేస్తాను. తీసేస్తే అడ్రస్‌లో అక్షరం సరిచేయబోయిన ప్రతిసారీ మెయిల్ తెరుచుకుని విసిగిస్తుంది.

జీమెయిల్ తెరుచుకుంటుంది, కానీ ఇన్‌బాక్స్ మాత్రమే. "టు"లో అడ్రస్ రాదు. ఈ లోపం మీద చాలామంది క్రోమ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకుంటారు. క్రోమ్ తప్పేమీ లేదు. డాక్యుమెంట్ చేసినాయన లింక్‌లో మెయిల్‌టు బదులు వెబ్‌సైట్ల ముందు వచ్చే హెచ్‌టీటీపీ పెట్టాడు. అప్పుడు బ్రౌజర్ @ గుర్తుకు ముందున్న పేరును యూజర్ పేరుగా, తర్వాత ఉన్న దాన్ని వెబ్‌సైట్‌గా తీసుకుంటుంది. అందుకే జీమెయిల్ ఐడీ అయితే జీమెయిల్ సైట్, కాలేజీ ఐడీ అయితే కాలేజీ సైట్ తెరుచుకుంటుంది.

కనిపెట్టడానికి లింక్ మీద మౌస్ ఆపండి. చిన్న పెట్టెలో అసలు లింక్ కనిపిస్తుంది. సరిచేయడానికి వర్డ్‌లో లింక్ మీద కుడి బటన్, "ఎడిట్ హైపర్‌లింక్". ఎడమ వైపు కింద "ఈ-మెయిల్ అడ్రస్" ఎంచుకుని ఐడీ టైప్ చేస్తే మెయిల్‌టు దానంతట అదే వచ్చి చేరుతుంది.

మౌస్ ఆపి చూడటం ఇంకో రకంగానూ పనికొస్తుంది. వాట్సాప్‌లో తిరిగే ఉద్యోగ నోటిఫికేషన్ పీడీఎఫ్‌లలో పైకి ఒక ఐడీ, లింక్ వెనుక ఇంకో ఐడీ ఉండొచ్చు. సర్టిఫికెట్లు పంపేముందు "టు" గడిలో ఏ అడ్రస్ పడిందో ఒకసారి చదవండి.

వర్డ్ నుంచి ఒక మెయిల్, పీడీఎఫ్ నుంచి ఇంకో మెయిల్. మీ పీడీఎఫ్‌లు బ్రౌజర్‌లో తెరుచుకుంటున్నాయి. బ్రౌజర్ లోపల నొక్కిన లింకుకు ముందు బ్రౌజర్ సొంత సెట్టింగే వర్తిస్తుంది, అక్కడ ఏమీ లేకపోతేనే విండోస్ దాకా వెళ్తుంది. విండోస్‌లో థండర్‌బర్డ్ పెట్టుకున్నా, ఎడ్జ్‌లో ఎప్పుడో జీమెయిల్‌కు అనుమతి ఇచ్చి ఉంటే పీడీఎఫ్ నుంచి జీమెయిలే వస్తుంది. 7వ మెట్టులోని ప్రోటోకాల్ హ్యాండ్లర్స్ పేజీకి వెళ్లి ఆ అనుమతి తీసేయండి.

పీడీఎఫ్‌లో ఐడీ మీద చెయ్యి గుర్తే రావడం లేదు. స్కాన్ చేసిన కాగితం అయి ఉంటుంది. అది బొమ్మ, లింక్ కాదు. సంతకం పెట్టి, ముద్ర వేసి, స్కాన్ చేసి పంపిన సర్క్యులర్లన్నీ ఇంతే. చేత్తో టైప్ చేయడమే దారి. ఎల్ అక్షరానికీ 1 అంకెకూ, ఓ అక్షరానికీ సున్నాకూ తేడా జూమ్ చేసి చూసుకోండి.

"సెండ్ టు > మెయిల్ రెసిపియెంట్" నొక్కితే ఎర్రర్. ఇది మెయిల్‌టు లింక్ కాదు. ఫైల్‌ను అటాచ్‌మెంట్‌గా మెయిల్ ప్రోగ్రాంకు అందించే వేరే పద్ధతి. దానికి ఇన్‌స్టాల్ చేసిన మెయిల్ ప్రోగ్రాం కావాలి, బ్రౌజర్‌లోని జీమెయిల్ చాలదు. మీ ఆఫీసులో ఇది రోజూ అవసరమైతే థండర్‌బర్డ్‌కో క్లాసిక్ అవుట్‌లుక్‌కో మారండి.

## 10. సరిచేసినా మళ్లీ మొదటికొస్తే

- అప్‌డేట్ తర్వాత మారిపోయింది: పెద్ద అప్‌డేట్ల తర్వాత, కొత్త మెయిల్ ప్రోగ్రాం వేశాక ఇలా అవుతుంటుంది. 6వ మెట్టు మళ్లీ చేయండి. తీసుకున్న ఫొటో ఇక్కడ పనికొస్తుంది.
- ప్రతి లాగిన్‌కూ పాతదే వస్తోంది: పెద్ద సంస్థల్లో, యూనివర్సిటీ ల్యాబుల్లో డిఫాల్ట్ యాప్‌లను సర్వర్ నుంచే నిర్ణయిస్తారు. లాగిన్ అయిన ప్రతిసారీ అవే అమలవుతాయి. మీరు ఎంత మార్చినా నిలవదు, సిస్టమ్ అడ్మిన్‌ను అడగాలి.
- జాబితాలో మీ ప్రోగ్రాం పేరే లేదు: ఇన్‌స్టాల్ సరిగా కాలేదు, లేదా ఇన్‌స్టాల్ అక్కర్లేని పోర్టబుల్ కాపీ వాడుతున్నారు. అధికారిక సైట్ నుంచి దించి పూర్తిగా ఇన్‌స్టాల్ చేయండి.
- ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్: అక్కడ ఏదీ డిఫాల్ట్ చేయకండి. ఐడీ కాపీ చేసుకుని మెయిల్ పంపి, లాగౌట్ అయి రండి.

## 11. మీరే లింక్ పెట్టి పంపుతున్నప్పుడు

అవతలివాళ్ల కంప్యూటర్‌లో ఏ సెట్టింగ్ ఉందో మన చేతిలో లేదు. కాబట్టి "ఇక్కడ నొక్కండి" అని రాయకండి. ఐడీని అక్షరాల్లో కనిపించేలా రాసి దానికే లింక్ పెట్టండి. లింక్ పనిచేయనివాళ్లు కాపీ చేసుకుంటారు, ప్రింట్ తీసుకున్నవాళ్లు చదువుకుంటారు.

సబ్జెక్ట్ ముందే నింపి పెట్టాలంటే వర్డ్‌లో కంట్రోల్, కే నొక్కి, "ఈ-మెయిల్ అడ్రస్" భాగంలో సబ్జెక్ట్ గడి నింపండి. లింక్‌ను చేత్తో రాసేవాళ్లు పదాల మధ్య ఖాళీ బదులు %20 పెట్టాలి. అటాచ్‌మెంట్ మాత్రం లింక్‌తో రాదు. "అప్లికేషన్ జత చేయండి" అని వాక్యంలో చెప్పాల్సిందే.

ఇద్దరు ముగ్గురి ఐడీలు ఒకే లింక్‌లో పెడితే మధ్యలో కామా పెట్టడం నియమం. క్లాసిక్ అవుట్‌లుక్ మాత్రం మామూలుగా సెమీకోలన్ కోరుకుంటుంది. కామాతో ఇబ్బంది వస్తుంటే అవుట్‌లుక్‌లో ఫైల్ > ఆప్షన్స్ > మెయిల్‌లో, కామాలను ఒప్పుకోమనే టిక్ ఉంటుంది. అందరికీ ఆ మాట చెప్పలేం కాబట్టి లింక్‌కు ఒక్క ఐడీ పెట్టడమే మేలు.

ఎక్సెల్‌లో వ్యాపారుల జాబితాకు హైపర్‌లింక్ ఫార్ములాతో లింకులు చేసేవాళ్లు గమనించండి: ఆ ఫార్ములాలో లింక్ 255 అక్షరాలు దాటకూడదు. సబ్జెక్ట్‌తో పాటు పత్తి రేట్లు, లారీ నంబర్లు కూడా మెయిల్ బాడీలో ఇరికించబోతే ఎర్రర్ చూపిస్తుంది. సబ్జెక్ట్ చిన్నగా ఉంచి, మిగతాది మెయిల్ తెరుచుకున్నాక రాయండి.

## 12. ఫోన్లో, మ్యాక్‌లో

ఆండ్రాయిడ్: లింక్ నొక్కినప్పుడు ఏ యాప్ అని అడిగితే జీమెయిల్ ఎంచుకుని "ఆల్వేస్" నొక్కండి. అడగకుండా వేరే యాప్ తెరుచుకుంటుంటే, ఆ యాప్ ఐకాన్‌ను నొక్కి పట్టుకుని యాప్ ఇన్ఫోకు వెళ్లి, "ఓపెన్ బై డిఫాల్ట్"లో డిఫాల్ట్‌లను క్లియర్ చేయండి. కంపెనీని బట్టి ఈ పేరు కొంచెం మారుతుంది. తర్వాత లింక్ నొక్కితే మళ్లీ అడుగుతుంది.

ఐఫోన్: ఐఓఎస్ 14 నుంచి మెయిల్ యాప్ మార్చుకోవచ్చు. ఐఓఎస్ 18.2, ఆ తర్వాతివి ఉన్న ఫోన్లలో సెట్టింగ్స్ > యాప్స్ > డిఫాల్ట్ యాప్స్ > ఈమెయిల్. పాతవాటిలో సెట్టింగ్స్‌లో కిందికి దిగి జీమెయిల్ మీద నొక్కితే "డిఫాల్ట్ మెయిల్ యాప్" కనిపిస్తుంది. జీమెయిల్ యాప్ ముందే ఇన్‌స్టాల్ అయి ఉండాలి.

మ్యాక్: ఈ సెట్టింగ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో వెతికితే దొరకదు. యాపిల్ మెయిల్ యాప్ తెరిచి, దాని సెట్టింగ్స్ > జనరల్‌లో "డిఫాల్ట్ ఈమెయిల్ రీడర్" దగ్గర మార్చాలి. మెయిల్ యాప్ వాడనివాళ్లు కూడా ఈ ఒక్క పనికి దాన్ని తెరవక తప్పదు. తెరవగానే ఖాతా కలపమని పట్టుబడితే, ఏదో ఒక ఖాతా కలిపి, డిఫాల్ట్ మార్చేసి, తర్వాత ఆ ఖాతా తీసేయండి. జీమెయిల్ బ్రౌజర్‌లో వాడేవాళ్లు ఇక్కడ క్రోమ్ ఎంచుకుని, 7వ మెట్టులోని డైమండ్ల పని మ్యాక్‌లోనూ చేయాలి.